అద్దం కింద పెద్దాయన

చచ్చినవాడికి చెమట పట్టదు గాని, ఐసు పెట్టెకి పడుతుంది. లోపల చలి, బయట జనం ఊపిరి, నడుమ అద్దం. ఎన్నిసార్లు తుడిచినా మళ్ళీ మసక. అందుకే ఐసు మేస్త్రి తలవైపున ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, పాత బనీను గుడ్డ చేతబట్టి, ముఖం ఉన్నంత మేర అద్దాన్ని తుడుస్తూ కూర్చున్నాడు. గుండ్రంగా తిప్పితే మరకలు పడతాయి, పైనుంచి కిందికి ఒకే వాటున తుడవాలి, పసిపిల్లకి ముఖం కడిగినట్టు. పెట్టె కింద మోటారు గుర్రుమంటోంది. నిన్నగాక మొన్న ఇదే పెట్టెలో ఒక దర్జీ పడుకున్నాడు, బతికున్నన్నాళ్ళూ ఊరిని ఏలిన ఈ పెద్దాయన్ని తిట్టందే కత్తెర పట్టనివాడు. ఇవాళ అదే రేకు మీద, కింద పరిచిన దుప్పటి ఒక్కటి మార్చి, పెద్దాయన. పెట్టెకి పార్టీ లేదు, ఎవరొచ్చినా ఒకే చల్లదనం ఇస్తుంది. ఆ గుణం మేస్త్రికే రాలేదు. తెల్లారి యజమాని ఫోన్ చేసి "పెద్ద సైజు పెట్టె ఊళ్ళో మన దగ్గరే ఉంది, నువ్వే వెళ్ళాలి, మరమ్మతు వస్తే ఇంకెవడికీ చేతకాదు" అన్నప్పుడు కాదనడానికి నోరు తెరిచాడు, తెరిచిన నోట్లోంచి "అలాగే" అని వచ్చింది. ఎందుకొచ్చిందో ఇప్పటిదాకా అంతుపట్టలేదు. చూడాలనుకున్నాడేమో. ఇన్నేళ్ళు కోరుకున్న చావు, దగ్గరుండి చూసుకోవాలనుకున్నాడేమో. తీరా చూస్తే ఏముంది, ముసలాయన. ముక్కులో దూది. ఆస్పత్రిలో గొట్టాలు పెట్టడానికి మీసం తీసేశారట, పై పెదవి కొత్తగా పుట్టినట్టు తెల్లగా, సిగ్గుపడుతున్నట్టు ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి. ఊరిని గడగడలాడించిన మనిషి ఇంతేనా అని కాస్త నిరాశ కూడా కలిగింది. పగ పట్టడానికి కూడా ఎదుటివాడికి కొంచెం ఒడ్డూ పొడుగూ ఉండాలి.

హాలు ఊరివాళ్ళ ఆటల హాలు. నేల మీద బంతాట గీతలు, గోడకి ఇనుప బుట్ట, ఆ బుట్ట కింద పెద్దాయన నిలువెత్తు ఫోటో, చెయ్యెత్తి, మీసం కింద నవ్వుతూ. ఒక తలుపులోంచి జనం వస్తున్నారు, అద్దం మీదికి వంగుతున్నారు, రెండో తలుపులోంచి పోతున్నారు, మధ్యలో బ్యాడ్జీలు పెట్టుకున్నవాళ్ళు "కదలండి, కదలండి" అని మోచేతులతో తోస్తున్నారు. మధ్యాహ్నానికి పెట్టెని బండెక్కిస్తారు, ఇంకో గంటలో ఊరంతా చూసిపోవాలి. ఒకావిడ వచ్చి అద్దం మీద పడి భోరున ఏడ్చింది, ఆయనే లేకపోతే నా బిడ్డకి చెవి మిషన్ ఎక్కడిది, ఈ బిడ్డ అమ్మా అని పిలిచేది ఎక్కడిది అని. నిజమే అయ్యుంటుంది. ఆవిడ వెనకాలే వచ్చిన చెప్పుల కొట్టాయన మాత్రం ఏడవలేదు, వంగి, ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి చూసి, పరుపు కొనేవాడిలా తల ఊపి, "పోయాడులే, ఖాయమే" అని పక్కవాడితో అని వెళ్ళాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆయన కొట్టు సగం పోయింది. మిగిలిన సగంలో ఎడమకాలి చెప్పులు పెట్టుకుని, కుడికాలివి ఇంట్లో పెట్టుకుని వ్యాపారం చేశాడని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు. ఇద్దరు కుర్రాళ్ళు ఫోన్లెత్తి ఫోటో దిగబోతే బ్యాడ్జీవాడు కసిరాడు. ఒక పంతులుగారు కళ్ళు మూసుకుని ఏదో గొణిగారు, దండం పెట్టారనుకున్నారంతా, దగ్గరగా కూర్చున్న మేస్త్రికి మాత్రం వినబడింది, అది నోటితో చెప్పగలిగిన తిట్టు కాదు, పాఠం చెప్పే నోటితో అసలే కాదు. మేస్త్రికి నవ్వొచ్చింది, దగ్గులా మార్చుకున్నాడు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. వీధిలోకెళ్ళి అడిగితే ఈయన కళ్ళు చారెడన్నవాడూ ఉంటాడు, చచ్చాక కూడా ఒక కన్ను తెరిచే ఉంచాడు, మన జేబుల వంక చూస్తున్నాడన్నవాడూ ఉంటాడు.

ఇందాక ఇల్లాలు ఫోన్ చేసింది. "టీవీలో నువ్వు కనిపించావు, అద్దం తుడుస్తూ. అత్తయ్య చూసింది."

"చూస్తే చూసింది."

"చూసి ఊరుకోలేదు. చెప్పులేసుకుని బయల్దేరింది. పెద్దోడు ఆయన పక్కనే కూర్చున్నాడుగా, వాడు అడిగే ఉంటాడు, ఏం చెప్పి పోయాడో కనుక్కొస్తానంది. నేను అడ్డం పడ్డా వినలేదు."

"ఎవరు, ఏం చెప్పి పోయారు?"

"ఎవరేంటి. ఆయన. మన చిన్నోడి గురించి."

ఆ తర్వాత నుంచి మేస్త్రి చెయ్యి అద్దం మీద ఉంది గాని కళ్ళు తలుపు మీదే. అమ్మకి ఈమధ్య ఒక్కొక్కటే జారిపోతున్నాయి. పొయ్యి కట్టేశానో లేదో, అన్నం తిన్నానో లేదో, కోడలి పేరు కూడా ఒకోసారి. తమ్ముడి సంగతి మాత్రం జారదు, అదొక్కటే మేకు కొట్టినట్టు. అమ్మ ఇక్కడికొచ్చి ఇంత జనంలో, ఇన్ని కెమెరాల ముందు, శవాన్ని పట్టుకుని "మా వాడు తాగలేదని చెప్పి పోయావా నాయనా" అని అడిగితే ఈ బ్యాడ్జీలవాళ్ళు నవ్వుతారు. వాళ్ళు నవ్వకపోయినా వరసలో ఎవడో ఒకడు నవ్వుతాడు, నవ్వేవాడికి చావిల్లూ పెళ్ళిల్లూ ఒకటే. అప్పుడు తనేం చేస్తాడు. గుడ్డ పక్కన పెట్టి లేచి కొడతాడా, లేక అద్దం తుడుస్తూ కూర్చుంటాడా. కూర్చుంటాడనే భయం. ఇన్నేళ్ళుగా కూర్చునే ఉన్నాడు.

తమ్ముడూ తనూ ఒకే ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు. చలి తప్ప ఇంకో పని నేర్చుకోలేదు ఇద్దరూ, బడి మానేసిన రోజు నుంచి చలే, వేళ్ళ చివర్లు ఎప్పుడూ మొద్దుబారే ఉండేవి, వేడి గిన్నె పట్టుకున్నా తెలిసేది కాదు, అమ్మ నవ్వేది మీ ఇద్దరికీ మసిగుడ్డ ఖర్చు లేదురా అని. ఆ రోజు తను బయట లారీలోకి ఐసు దిమ్మలు ఎక్కిస్తున్నాడు. మొదట వాసన వచ్చింది, కళ్ళల్లో ఉల్లిపాయ కోసినట్టు, తర్వాత గొంతులో నిప్పు. గ్యాసు లీకు. అందరూ బయటికి పరిగెత్తారు, తమ్ముడూ పరిగెత్తాడు, గేటు దాకా వచ్చాడు, అన్నని చూశాడు, చూసి, ఏదో మర్చిపోయినవాడిలా తల గోక్కుని వెనక్కి తిరిగాడు. లోపల ఇంకా మనుషులున్నారు. వాల్వు ఎక్కడుందో వాడికి తెలుసు. వాల్వు కట్టేశాడు, లోపలున్నవాళ్ళు బతికారు, వాడు వాల్వు దగ్గరే ఉండిపోయాడు. వాడి చేతిని చక్రం నుంచి విడదీయడానికి ఇద్దరు పట్టారు. ఫ్యాక్టరీ పెద్దాయన వియ్యంకుడిది. పెద్దాయన అప్పుడు మంత్రి, మర్నాడే ఇంటికొచ్చాడు, గుమ్మం తగలకుండా తల వంచి లోపలికొచ్చి, చాప మీద అమ్మ పక్కన కూర్చుని, రెండు చేతులూ పట్టుకుని, "అమ్మా, నీ కొడుకు నా కొడుకు. వాడి పేరు నేను నిలబెడతా" అన్నాడు. మీసం తడిసింది కూడా, మేస్త్రి స్వయంగా చూశాడు. ఆ తడి నిజమో కాదో ఇప్పటికీ తేల్చుకోలేడు, అదే బాధ, పూర్తిగా దొంగ అయినా బాగుండేది. వారం తిరిగిందో లేదో మార్కెట్ దగ్గర మీటింగు. అక్కడ ఎవడో ఫ్యాక్టరీ గురించి అరిచాడు. పెద్దాయన మైకు దగ్గరికి జరిగి, నవ్వి, "పొద్దున్నే పుచ్చుకుని పనిలోకొచ్చినవాడికి ఏది వాల్వో ఏది సీసా మూతో తెలుస్తుందా, తిప్పేశాడు" అన్నాడు. జనం నవ్వారు. అంతే. నాలుకకి నరం లేదు, మైకుకి అసలే లేదు. ఆ నవ్వు ఊరంతా తిరిగి, సాయంత్రానికి కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటున్న అమ్మని చేరింది.

దగ్గుమందు కూడా ముక్కు మూసుకుని తాగేవాడు వాడు. అందులో సారా వాసన వస్తుందని. వాడు కట్టేసిన వాల్వు వల్ల బతికినవాళ్ళు కూడా మూడో నెలకల్లా "ఏమో, మేం చూడలేదు కదా" అనేశారు. వాళ్ళ తప్పేముంది, మంత్రి నవ్వుతూ చెప్పిన మాటని కాదనాలంటే ఏడుస్తూ చెప్పాలి, ఏడ్చేవాడి మాట ఎవడు వింటాడు. మేస్త్రి ఆ రోజు నుంచి ఒకటే కోరుకున్నాడు. ఆయన చావాలి. ఏ రోగంతోనో, ఏ రోడ్డు మీదో, ఎలాగైనా. కోరికలు తీరితే మనిషి తేలికపడతాడంటారు. ఇదిగో తీరింది, మూరెడు దూరంలో ఉంది, చల్లగా ఉంది. తేలిక ఎక్కడ.

"అన్నా, కాస్త టీ," అంటూ బండి డ్రైవర్ కాగితం కప్పు తెచ్చి చేతిలో పెట్టాడు. వాడి నోరు మూతపడదని అందరూ వాడిని రేడియో అంటారు. స్టూలు పక్కన గొంతుక్కూర్చుని వార్తలు మొదలుపెట్టాడు. "పై వీధిలో మిఠాయి పంచుతున్నారు. ఎందుకంటే మనవడు పుట్టాడన్నాడు ఒకడు. ఇంకొకడూ అదే అన్నాడు. ఒక్క వీధిలో ఒక్కపూట అంతమంది మనవలు, ఎక్కడైనా ఉందా. కింద వీధిలో కొట్లన్నీ కట్టేశారు, అభిమానం అనుకునేవు, రాళ్ళ భయం. నాకైతే ఏడుపూ రాలా, నవ్వూ రాలా, ఆకలొచ్చింది. తప్పా అన్నా?"

"తప్పేం లేదురా."

"నీకేమొచ్చింది?"

మేస్త్రి టీ ఊదుకున్నాడు. రేడియో జవాబు కోసం ఆగేవాడు కాదు, బండికి తాళం వెయ్యలేదని గుర్తొచ్చి పరిగెత్తాడు.

ఎదుటి పార్టీ నాయకుడొచ్చాడు, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని. మొన్నటిదాకా ఈయన్ని గద్ద అన్నవాడు, గద్దకి కోడిపిల్లల లెక్క చెప్పాల్సిన రోజొస్తుంది అన్నవాడు, అద్దం మీద అరచెయ్యి ఆనించి కెమెరాలు సర్దుకునేదాకా తియ్యలేదు. తర్వాత "తీరని లోటు" అన్నాడు, "రాజకీయాలు వేరు, మనిషి వేరు" అన్నాడు. వేరైతే మరి మాట ఎవరిది. ఆ రోజు మార్కెట్ దగ్గర నవ్వింది రాజకీయమా, మనిషా. ఆయన వెళ్ళాక అద్దం మీద అరచేతి ముద్ర మిగిలింది, అయిదు వేళ్ళూ విడివిడిగా. తుడవబోయి మేస్త్రి ఆగాడు. ఎందుకు తుడవాలి. చలి పెంచే మీట స్టూలు పక్కనే ఉంది. కొత్తగా పనిలోకొచ్చినవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది, ఎండగా ఉంది కదా అని మీటని చివరిదాకా తిప్పేస్తారు, చలి ఎక్కువై అద్దం పాలపొంగులా తెల్లబడి లోపలి మనిషి కనబడకుండా పోతాడు, ఇంటివాళ్ళు లబోదిబోమంటారు. ఆ పొరపాటు తను ఎన్నడూ చెయ్యలేదు. ఇవాళ చేశాడు. తెలిసి చేశాడు. మీట తిప్పి, గుడ్డ మోకాలి మీద పెట్టుకుని, చేతులు ఖాళీగా ఉంచుకుని చూస్తూ కూర్చున్నాడు. మొదట గడ్డం దగ్గర మసక, తర్వాత నోరు, ఆ నోరు, అది మాయమవుతుంటే కడుపులో ఎక్కడో చిన్న సుఖం. ముక్కు పోయింది, కళ్ళు పోయాయి. ఫోటోలో నవ్వుతున్నాడు గాని పెట్టెలో లేడు. ఊరికి ఉప్పందకుండా ఒక మనిషిని తుడిచేశాడు తను, తుడవకుండానే.

ఆ సుఖం ఎంతసేపు. వరసలో ఒక చెయ్యి లేనాయన వచ్చాడు, ఖాళీ చొక్కా చెయ్యి జేబులో దోపుకుని. పాత గొడవల్లో ఈయన మనుషులే నరికారు ఆ చేతిని, ఆ తర్వాత ఈయనే గేటు కాపలా ఉద్యోగం ఇప్పించాడు. ఊళ్ళో అందరికీ తెలిసిన కథ. వంగి చూశాడు, తెల్లటి అద్దం తప్ప ఏమీ కనబడలేదు. మేస్త్రి వంక తిరిగి, "కొంచెం తుడవవా బాబూ. తిట్టుకుందామని వచ్చా. ముఖం చూడకుండా ఎలా తిట్టేది" అన్నాడు, అంటూనే ఏడ్చేశాడు, ఉన్న ఒక్క చేత్తో ముక్కు తుడుచుకోవాలో కళ్ళు తుడుచుకోవాలో తెలియక. మేస్త్రి మీట వెనక్కి తిప్పాడు. గుడ్డ తీశాడు. నుదురు వచ్చింది, కళ్ళు వచ్చాయి, నోరు వచ్చింది. చెయ్యి లేనాయన చాలాసేపు చూసి ఏమీ తిట్టకుండా వెళ్ళిపోయాడు. అదీ ఈ మనిషి ఘనత, తిట్టడానికొచ్చినవాడిని కూడా ఏడిపించి పంపుతాడు. నరికినవాడూ కట్టు కట్టినవాడూ ఒకడే అయితే జనం దేన్ని గుర్తుపెట్టుకోవాలి.

అమ్మ కట్టునే గుర్తుపెట్టుకుంది. మేస్త్రికి ఒళ్ళు మండేది అందుకే. "ఆయన నోటితోనే అన్నాడమ్మా, నేను విన్నా, మైకులో" అంటే, "ఎవరో ఆయన చెవిలో ఊది ఉంటారు. నిజం తెలిస్తే ఆయనే వెనక్కి తీసుకుంటాడు. నా చేతులు పట్టుకున్నాడురా" అనేది. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆయన ఇంటి గేటు ముందు కూర్చునేది, నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ. ఒకసారి కారు ఆగింది. అద్దం దిగింది. "చూద్దాంలే అమ్మా" అన్నాడట. ఆ ఒక్క చూద్దాంతో అమ్మ ఇన్నేళ్ళు బతికింది. మందులు వేసుకోనని మొండికేస్తే ఇల్లాలు అదే చెప్పేది, ఆయన పిలిపించేసరికి నువ్వు మంచాన పడితే ఎలా అత్తయ్యా అని, అప్పుడు మింగేది. మేస్త్రి కసురుకునేవాడు, అబద్ధాలతో మందులు మింగించకు అని. ఇంట్లో ప్రతి కొట్లాటా చివరికి అక్కడికే చేరేది. ఎన్నటికైనా అమ్మ నోటితో "వాడు దొంగరా" అనిపించాలని అతని పంతం. అనిపించలేకపోయాడు. గోడకి తల బాదుకుంటే గోడకేం.

అదిగో, వచ్చింది.

తలుపు దగ్గర జనం నడుమ ఆ నెరిసిన తల, పొట్టిగా, కనబడుతూ మునుగుతూ. ఎవరో ముసలావిడని ముందుకి పంపండి అన్నారు, దారిచ్చారు. లేచి ఎదురెళ్దామనుకుంటూనే అద్దం తుడిచాడు. అమ్మ పెట్టె వంక చూడలేదు, తిన్నగా అతని దగ్గరికే వచ్చి, వంగి, రహస్యం అడిగినట్టు, "అడిగావా?" అంది.

"అమ్మా, ఇంటికెళ్దువుగాని పద."

"అడిగావా లేదా? చిన్నోడి సంగతి ఏమైనా చెప్పి పోయాడా?"

వెనకాల వరస ఆగింది. బ్యాడ్జీవాడు "చూసుకుని కదలమ్మా, అవతల జనం ఉన్నారు" అన్నాడు. అప్పుడు అమ్మ పెట్టె వైపు తిరిగింది. అద్దం మీదికి వంగింది. నెమ్మదిగా చూసింది, మొదట పై పెదవిని, తర్వాత బుగ్గలని, తర్వాత కట్టిపెట్టిన చేతులని. ఆ చేతుల దగ్గర ఎక్కువసేపు ఆగింది. ఏడుస్తుందా, తిడుతుందా, ఏది చేసినా మేస్త్రి తట్టుకోలేడు. అమ్మ తలెత్తి గోడ మీది ఫోటో చూసింది. మళ్ళీ పెట్టెలోకి చూసింది. నొసలు ముడుచుకున్నాయి.

"ఏరా, ఈ ముసలాయన ఎవరు?"

ఎవరో కిసుక్కుమన్నారు. బ్యాడ్జీవాడి ముఖం ఎర్రబడింది. "ఎవరేంటమ్మా, పెద్దాయన. కళ్ళు కనబడవా?"

అమ్మ వాడిని లెక్కచెయ్యలేదు. కొడుకు మోచెయ్యి పట్టుకుంది, గట్టిగా, వేళ్ళు దిగేలా. "వీళ్ళ మాట నాకెందుకు. నువ్వు పొద్దున్నుంచీ పక్కనే కూర్చున్నావు. నువ్వు చెప్పు. ఈయన ఆయనేనా?"

అవునంటే అయిపోతుంది. ఇన్నేళ్ళ వాదం ఒక్క మాటతో గెలుస్తాడు. చూడమ్మా, ఇదీ నీ పెద్దమనిషి, ఒక్క మాట వెనక్కి తీసుకోకుండా, మన వాడిని తాగుబోతుని చేసి, తను మాత్రం పూలల్లో పడుకున్నాడు. నాలుక చివర సిద్ధంగా ఉంది ఆ మాట, ఎన్ని రాత్రులు నూరి పెట్టుకున్నదో. కానీ అమ్మ ముఖం ఎంత దగ్గరగా ఉంది. ఆ కళ్ళల్లో ప్రశ్న లేదు, భయం ఉంది. ఆయన పోతే చెప్పేవాడు పోయినట్టే, చెప్పేవాడు పోతే చిన్నోడు ఎప్పటికీ తాగుబోతే, ఆ సంగతి ఈ జారిపోతున్న బుర్రలో ఎక్కడో తెలుస్తూనే ఉంది, తెలిసే అడుగుతోంది, నువ్వు కాదను అని అడుగుతోంది.

"కాదమ్మా," అన్నాడు. "ఈయన వేరే ఎవరో."

బ్యాడ్జీవాడు నోరు తెరిచాడు. మేస్త్రి వాడి వంక చూశాడు, ఆ చూపులో ఏముందో గాని వాడు నోరు మూసుకున్నాడు.

అమ్మ మోచెయ్యి వదిలింది. "అదీ. నేను చెప్పలా, ఆయన అలా పోయే మనిషి కాదని," అంది. పెట్టెలోని ముసలాయన వంక ఇంకోసారి జాలిగా చూసి, "పాపం, ఎవరి తండ్రో" అనుకుంటూ, జనంతోపాటు రెండో తలుపు వైపు నడిచింది. వచ్చినప్పటికంటే నడక గట్టిగా ఉంది.

మేస్త్రి ఫోన్ తీసి ఇల్లాలికి కలిపాడు. "అమ్మ వస్తోంది. వచ్చేసరికి టీవీ వైరు పీకెయ్. పక్కింటివాళ్ళకి చెప్పు, వీధి చివర టీ కొట్టువాడికి కూడా, అమ్మ ముందు ఎవరూ నోరు జారకూడదని."

"ఏంటి, ఏమైంది? ఆవిడ ఆయన గురించి అడిగితే నేనేం చెప్పాలి?"

"ఊళ్ళో లేడని చెప్పు."

"మళ్ళీ మళ్ళీ అడుగుతుంది," అంది ఇల్లాలు.

"వస్తాడని చెప్పు," అన్నాడు మేస్త్రి.